ఆ తల ఊపింది నేను కాదక్కా

ఇల్మెనౌ,
ఆదివారం.

అక్కకు,

తమ్ముడు మహేందర్ నమస్కారాలు. నేనిక్కడ ఆరోగ్యంగానే ఉన్నాను. జ్వరం లేదు, దగ్గు లేదు, వాసనలు కూడా బ్రహ్మాండంగా తెలుస్తున్నాయి. నిన్న పోపు మాడబెట్టాను, ఆ వాసన ఇంకా నా స్వెట్టర్‌ని వదల్లేదు. నువ్వూ చిన్నీ కూడా బాగున్నారని, పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళేటప్పుడు నువ్వు మాస్కు ముక్కు కిందికి జార్చడం లేదని నమ్మి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

ఈ కాలంలో ఉత్తరమేందిరా, ఫోన్ పలిగిందా అని నువ్వు నవ్వుతావని తెలుసు. ఫోను బాగానే ఉంది. ప్రదీప్ ఊరెళ్ళిపోతున్నాడు. నీకు చెప్పాను కదా, నా పక్క గదిలో ఉండే కాకినాడ కుర్రాడు. వాడికి ప్రత్యేక విమానంలో సీటు దొరికింది. హైదరాబాదులో దిగాక ఇది పోస్టు చేస్తానన్నాడు. దిగినవాళ్ళను క్వారంటైన్ అని ఎక్కడైనా గదిలో పెట్టి తాళం వేస్తే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఫోనులో చెప్పలేనిది ఒకటుంది అక్కా. నీ ఫోను ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది, పక్కన చిన్ని ఉంటుంది. పైగా నీ మొహం చూస్తూ ఈ సంగతి చెప్పడం నా వల్ల కాదు. అందుకే కాగితం.

ముందు ఇక్కడి కబుర్లు చెప్తాను. కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి.

మంచు బాగా పడుతోంది. మొదటి రోజు ఎగిరి గంతేసి ఫోటోలు పంపాను, గుర్తుందా? ఇప్పుడు కిటికీ తెరిస్తే ఒళ్ళు మండుతోంది. ఊరి చుట్టూ అడవి, అడవి మీద మంచు, మధ్యాహ్నం అయీ అవకుండానే చీకటి. క్లాసులన్నీ లాప్‌టాప్‌లోనే. మెన్సా, అదే మా యూనివర్సిటీ క్యాంటీన్, మూసేశారు. మా అంతస్తులో జర్మన్ పిల్లలంతా వాళ్ళ వాళ్ళ ఇళ్ళకు పోయారు. అందరికీ కలిపి ఉన్న వంటింట్లో ఇన్నాళ్ళూ నేనూ ప్రదీపూ మిగిలాం. ఎల్లుండి నుంచి నేనొక్కణ్ణే. వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇంకా దొరకలేదు, ఆఫీసుకు మెయిల్ పెడితే మళ్ళీ మెయిల్ పెట్టమని మెయిల్ వస్తోంది. కంగారు పడకు, దొరుకుతుంది. అందరి పరిస్థితీ ఇదే.

తిండికి లోటు లేదు. నిజంగా లేదు. టర్కీ వాళ్ళ దుకాణంలో చింతపండు దొరికింది, పచ్చిపులుసు చేశాను. నీ చేతి రుచి రాలేదు. ఉల్లిపాయ పిసికి వేస్తావా, కోసి వేస్తావా? అది రాసి పంపు. మాటలకే కరువు. కొన్ని రోజులు నా గొంతు నాకు వినపడేది ఒక్కచోటే, దుకాణంలో డబ్బు కట్టే దగ్గర. బిల్లు కావాలా అని ఆవిడ అడుగుతుంది, వద్దు థాంక్స్ అంటాను. అంతే, ఆ రోజుకు నా ముచ్చట అయిపోయినట్టే. ఒకేసారి కొనగలిగిన సామాను కూడా ఇవాళ ఉల్లిగడ్డ, రేపు పాలు అని విడదీసి కొంటున్నాను. చెప్తే ప్రదీప్ నవ్వాడు గానీ, వాడూ అదే చేస్తున్నాడని నాకు తెలుసు.

పార్సిళ్ళు వేరు చేసే పనికి మటుకు వెళ్తున్నాను. దేశమంతా ఇంట్లో కూర్చుని ఏవేవో తెప్పించుకుంటోంది కాబట్టి మాకు పని ఎక్కువ. అక్కడ ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు. వెళ్ళగానే లాకర్లో పెట్టేయాలి, పని ముగిశాకే తీసుకోవాలి. ఈ మాట గుర్తుపెట్టుకో అక్కా, దీనితో పని ఉంది.

ఇక అసలు సంగతి. హాల్లో కెమెరా పీకించింది నేను. కెమెరా వేడెక్కి కాలిపోయేలా ఉందని రవన్న నీతో అన్నది అబద్ధం. నేనే అలా చెప్పమన్నాను, ఆయన్ను ఏమీ అనకు. పెద్దమ్మ కొడుకన్న మాటే గానీ సొంత అన్నలా ఆ రోజు దుకాణం వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఎందుకో చెప్తాను.

నువ్వు బడికి పోయి అక్కడి నుంచి ఆన్‌లైన్ పాఠాలు చెప్పాల్సి వచ్చినప్పుడు, చిన్ని ఒక్కతే ఇంట్లో ఉంటుందని కదా రవన్న ఆ కెమెరా తెచ్చి టీవీ పైన అరలో పెట్టాడు. ఒకటే పాస్‌వర్డు, నీకు, రవన్నకు, నాకు. దాని స్పీకర్ మొదటి వారమే మూగబోయింది. నాకు మీ మాటలు వినపడతాయి, మీకు నావి వినపడవు. అప్పుడు చిన్ని కదా ఆ ఆట కనిపెట్టింది. "మామా, తిన్నవా?" అని కెమెరా ముందు నిలబడి అడిగేది. నేనిక్కడ ఫోనులో మీట నొక్కి కెమెరాను పైకీ కిందికీ ఊపితే అవునని, అటూ ఇటూ తిప్పితే కాదని. అది పకపకా నవ్వేది. నువ్వు కూడా వంటింట్లోంచి తొంగిచూసి, "తమ్మీ, ఉత్తగనే తలకాయ ఊపకు, నిజంగ తిన్నవా?" అని గదమాయించేదానివి.

ఆ కెమెరా నాకు ఎంత తోడో నీకు తెలియదు. అన్నం పళ్ళెం ముందు ఫోను నిలబెట్టుకుని మీ హాలు చూస్తూ తినేవాణ్ణి. ఎవరూ లేకపోయినా సరే. ఫ్యాను తిరుగుతుండేది, దండెం మీద చిన్ని యూనిఫాం ఊగుతుండేది, బయట కూరగాయల బండివాడి కేక వినపడేది. నాకు అది చాలు. నేను ఫోను ముట్టుకోకుండానే కెమెరా తిరిగిందంటే రవన్న చూస్తున్నాడేమో అనుకునేవాణ్ణి. రవన్నేమో నేను చూస్తున్నానేమో అనుకునేవాడట. నువ్వు మా ఇద్దరిలో ఎవరో ఒకరు అనుకునేదానివి. మన ఇంట్లో అంతే కదా, తలుపు తీసి ఎవరు తొంగిచూసినా మనవాళ్ళే అనుకుంటాం, ఎవరని అడగం. అడిగితే బాగుండదని కూడా అనుకుంటాం.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో నువ్వు చిన్నిని పాల పాకెట్టుకు పంపించి, గొంతు తగ్గించి ఒక మాటన్నావు. "తమ్మీ, ఆ దినం శెప్పిన గద శ్రీనివాస్ సార్ సంగతి. నువ్వు తలకాయ ఊపినంకనే నేను ఆయనకు సరే అన్న. నీ మాట లేకుంట నేనెట్ల ఒప్పుకుంట?" నీ మొహం వెలిగిపోతోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ సారు, ఏం సంగతి, నేనెప్పుడు ఊపాను? అడిగేలోపు చిన్ని వచ్చేసింది, నువ్వు మాట మార్చేశావు. నేను నోరు వెళ్ళబెట్టుకుని కూర్చున్నాను. నెట్ ఆగిపోయిందనుకుని నువ్వు కాల్ పెట్టేశావు.

మెల్లగా ఒక్కొక్కటే కలుపుకుంటే గుర్తొచ్చింది. శ్రీనివాస్ సారు అంటే మీ బడిలో లెక్కలు చెప్పే ఆయన, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాయన. చిన్నికి ఎక్కాలు నేర్పిస్తాడని ఒకసారి అన్నావు. సరేనన్నావంటే పెళ్ళికే. ఆ సంగతి నువ్వు కెమెరాకు చెప్పావు, నేను వింటున్నానని. నా మొహం చూస్తూ అడగలేక, నా మొహం కనపడని చోట అడిగావు. సాయంత్రం దీపం పెట్టాక అని కూడా అన్నావు, బడికి సెలవిచ్చిన రోజని అన్నావు. అక్కా, ఆ రోజు ఆ వేళకు నేను పార్సిళ్ళ దగ్గర ఉన్నాను. నా ఫోను లాకర్లో ఉంది.

వెంటనే రవన్నకు ఫోన్ చేశాను. ఆయనే హాస్యానికి ఊపాడేమో, నాలుగు తిడదామని. "నేనా? నా ఫోన్ల ఆ యాప్ తీసేసి శానా దినాలైందిరా. నువ్వు రోజు జూస్తున్నవ్ గదా, ఇంక నేనెందుకని" అన్నాడు. అంటే ఊపింది ఆయనా కాదు, నేనూ కాదు.

మరునాడు పొద్దున ప్రదీప్ లాప్‌టాప్ ముందు ఇద్దరం కూర్చున్నాం. మా చదువులో ఇలాంటి కెమెరాల గురించి ఒక పాఠం ఉంది. ఆ పాఠం విని పాసయ్యాను కూడా, మన ఇంటి కెమెరా మటుకు నాకు తట్టలేదు. చౌకగా వచ్చే కెమెరాలు చాలావాటికి కంపెనీ ఒకటే పాస్‌వర్డు పెట్టి అమ్ముతుంది. మనం మార్చుకోవాలి. మార్చకపోతే, వీధిలో అన్ని ఇళ్ళకూ తాళాలు వేసి, ఆ తాళాలన్నిటికీ ఒకే తాళంచెవి చేసి బజార్లో వేలాడదీసినట్టే. మనం పెట్టిన పాస్‌వర్డు యాప్‌కు మాత్రమే. కెమెరా లోపల కంపెనీది కంపెనీదే ఉండిపోయింది, రవన్నకూ తెలియదు, నాకూ తట్టలేదు. మన యాప్ లేకుండా, కంపెనీ వాళ్ళు తమ సైటులోనే రాసి ఉంచిన ఆ పాస్‌వర్డే కొట్టి చూశాను. తెరుచుకుంది. జర్మనీలో కూర్చున్న కాకినాడవాడి లాప్‌టాప్‌లో జగిత్యాలలో మీ హాలు కనిపించింది.

చిన్ని చాప మీద బోర్లా పడుకుని బొమ్మ గీసుకుంటోంది. నువ్వు బడిలో ఉన్నావు. మేమిద్దరం దేన్నీ ముట్టుకోలేదు. ప్రదీప్ చేతులు వాడి జేబుల్లోనే ఉన్నాయి. తెర మీద హాలు మెల్లగా పక్కకు జరిగింది అక్కా. కెమెరా తిరుగుతోంది. చిన్ని మీదికి వచ్చి ఆగింది. చిన్ని ఆ చప్పుడు విని తల ఎత్తి, లేచి వచ్చి, మొహం దగ్గరగా పెట్టి, "మామా, తిన్నవా?" అంది.

కెమెరా తల ఊపింది.

"ఒరేయ్ బాబూ, ఎవడ్రా ఆడు?" అని అరిచాడు ప్రదీప్. నేను చిన్నీ చిన్నీ అని పిచ్చివాడిలా లాప్‌టాప్ మీద అరుస్తున్నాను, దానికి వినపడదని తెలిసి కూడా. నీ ఫోను పాఠంలో ఉండి మోగలేదు. రవన్నకు చేశాను. "అన్నా, ఏం అడగకు, ఉరుకు, వైరు పీకు" అన్నాను. ఆయన వచ్చేదాకా చిన్ని ఆ కెమెరా ముందు గంతులేస్తూ డాన్సు చేస్తూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. ఎవడో కూడా చూస్తూనే ఉన్నాడు. చివరకు రవన్న చెయ్యి అడ్డం వచ్చి తెర నల్లబడింది. ప్రదీప్ లేచి నాకు టీ పెట్టి ఇచ్చాడు, తాగలేకపోయాను.

వాడు ఎవడో తెలియదు. ఏ దేశం వాడో, వాడికి తెలుగు వచ్చో రాదో తెలియదు. నీ మాటలు అర్థమై ఊపాడో, ఎవరో ఒకావిడ తనకు ఏదో చెప్పుకుంటోందని మీటతో ఆడుకున్నాడో అంతకన్నా తెలియదు. ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నాడో కూడా చెప్పలేను. నీకు భయం వేస్తుంది. నాకూ వేసింది. మీ వీడియోలు ఇంటర్నెట్టులో ఎక్కడా పెట్టినట్టు నాకు కనపడలేదు, నాకు చేతనైనంత వెతికాను. పెట్టలేదని ఒట్టు వెయ్యలేను. రవన్న పోలీసులకు దరఖాస్తు ఇచ్చాడు. ఇందులో నీ తప్పు, చిన్ని తప్పు ఆవగింజంత కూడా లేదు. దాన్ని ఏమీ అనకు. ఆటగా చెప్పు, మామ ఇకనుంచి ఫోన్‌లోనే తింటాడని.

పీకేసినప్పటి నుంచి కాల్ చేసినప్పుడల్లా, "కెమెరా ఎప్పుడు పెడ్తరు తమ్మీ, నువ్వు లేనట్టుంది ఇంట్ల" అంటున్నావు. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి మాట మారుస్తున్నాను. చెప్పకుండా ఊరుకుందామా అని కూడా అనిపించింది. ఎలాగూ నువ్వు సంతోషంగా ఉన్నావు, తల ఊపింది తమ్ముడే అనుకుంటున్నావు, అలాగే అనుకోనిస్తే ఎవరికి నష్టం? ప్రదీప్ కూడా, "అక్కకి ఇష్టమే కదరా, వదిలేయ్" అన్నాడు. వదిలేయలేకపోయాను. నువ్వు నీ బతుకులో ఇంత పెద్ద మాట ఒక దొంగ వెధవ ఊపిన తలను పట్టుకుని ఇచ్చావు. అమ్మానాన్నా లేరని నన్ను అడిగావు. నిజానికి నువ్వు నన్ను అడగక్కర్లేదు, నీ బతుకు నీది. కానీ అడిగావు. నన్ను అడిగినదానికి నేనే జవాబు చెప్పాలి.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను, కోపం తెచ్చుకోకు. ఆ సాయంత్రం నిజంగా నేనే ఇటు పక్కన ఉంటే, వెంటనే ఊపేవాణ్ణి కాదు. బావ గుర్తొచ్చేవాడు. నన్ను ఇంజనీరింగు కాలేజీలో చేర్పించడానికి డ్యూటీకి సెలవు పెట్టుకుని వచ్చి, ఆ క్యూలో నా సర్టిఫికెట్లన్నీ తన చొక్కా లోపల పెట్టుకుని నిలబడ్డ మనిషి. లారీ గుద్ది ఆయన పోయిన రోజున చిన్ని ఇంకా పాకుతోంది. ఇప్పుడు ఆ ఇంట్లోకి ఇంకో మనిషా అని నాకు ముందు కోపమే వచ్చింది. ఎవరి మీదో కూడా తెలియని కోపం. చిన్ని ఏమనుకుంటుంది, పెద్దమ్మ ఏమంటుంది, వీధిలో వాళ్ళు ఏమంటారు అని వరసగా అన్నీ వచ్చాయి. ఆ దొంగవాడికి ఇవేవీ లేవు కాబట్టి టక్కున ఊపేశాడు.

ఈ వారమంతా ఆలోచించాను. నాకు పదేపదే గుర్తొచ్చిందేమిటో తెలుసా? నువ్వు మధ్యాహ్నం తినడం. ఆదివారాలు చిన్ని తిని ఆటకు పోయాక, నువ్వు పళ్ళెం పట్టుకుని గడప దగ్గర కూర్చునేదానివి. పది ముద్దలు కూడా తినేదానివి కాదు. చెయ్యి ఎండిపోయేదాకా అలాగే వీధిలోకి చూస్తూ కూర్చునేదానివి. నేను ఇక్కడ ఫోనులో చూస్తూ, అక్కకు ఆకలి తక్కువైందేమో అనుకున్నాను. ఎంత మొద్దునో చూడు. ఇక్కడ అందరూ పోయాక, ఇంత పెద్ద వంటింట్లో అన్ని ఖాళీ కుర్చీల మధ్య ఒక్కణ్ణే కూర్చుని అన్నం కలుపుకుంటే తప్ప నాకు అది ఆకలి సంగతి కాదని తెలియలేదు. కలిపిన ముద్ద నోటి దాకా వెళ్ళదు అక్కా. ఎవరైనా ఎదురుగా కూర్చుని కూరలో ఉప్పు ఎక్కువైందని తిట్టినా బాగుండు అనిపిస్తుంది. నేను ఇలా ఉన్నది ఒక్క చలికాలమే. నువ్వు చిన్ని పుట్టిన ఏడాది నుంచి ఉన్నావు. ఒక్కసారి కూడా మాతో అనలేదు. చివరకు అనాలనిపించినప్పుడు, వినేవాడు నేను కాకుండా పోయాను. నాకు అన్నిటికన్నా ఏడుపొచ్చేది అదే. నీ మనసులో మాట ఎవడో విన్నాడు, నేను వినలేదు.

కాబట్టి ముందు ఒక పని చెయ్యి. ఆ తల ఊపడాన్ని లెక్కలోంచి తీసేయ్. నువ్వు సారుకు సరే అన్నది నీ ఇష్టంతో కాకుండా నేను ఒప్పుకున్నాననే అయితే, వెనక్కి తీసుకో, ఎవరూ ఏమీ అనుకోరు, నేను మాట్లాడతాను. నీ ఇష్టంతోనే అయితే ఇదిగో, నా చేత్తో రాస్తున్నాను, నాకు ఒప్పుకోలు. మనస్ఫూర్తిగా ఒప్పుకోలు. ఆయన ఎలాంటివాడో నాకు తెలియదు, నీకు తెలుసు, అది చాలు. ఆ రోజు కెమెరాకు చెప్పిందంతా మళ్ళీ మొదటి నుంచి నాకు చెప్పు. సిగ్గుపడితే కాగితం మీద రాయి, ఎంత ఆలస్యంగా చేరినా పర్వాలేదు, నేను ఎక్కడికీ పోను. ఆయన ఏమన్నాడు, నువ్వేమన్నావు, చిన్ని ముందు ఎలా ఉంటాడు, అన్నీ రాయి. పెళ్ళి రోజున విమానాలు తిరిగితే వస్తాను. తిరగకపోతే వీడియోలో కూర్చుంటాను, కొత్త చొక్కా వేసుకుని.

రెండు జాగ్రత్తలు. వైఫై డబ్బాకు కూడా పాస్‌వర్డు మార్చమని రవన్నకు చెప్పాను, మార్చాడో లేదో నువ్వు అడుగు, ఆయన మర్చిపోతాడు. కొత్తదానికి చిన్ని పేరూ పుట్టినరోజూ పెట్టకండి. ఇంకో కెమెరా ఎవరు తెచ్చినా నన్ను అడగకుండా పెట్టవద్దు. చిన్ని ఒంటరిగా ఉండే వేళల్లో పెద్దమ్మను వచ్చి కూర్చోమను, ఆమెకూ కాలక్షేపం.

నా గురించి దిగులు పెట్టుకోకు. బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, మళ్ళీ చెప్తున్నాను బాగానే ఉన్నాను. ప్రదీప్ పోతూ పోతూ వాడి కుక్కరు నాకిచ్చేశాడు. పరీక్షలు దగ్గరకొచ్చాయి, నీ దీవెనలు కావాలి.

పెద్దమ్మ కాళ్ళకు నా దండాలు. రవన్నను, వదినను అడిగానని చెప్పు. చిన్నికి ముద్దులు, దాని బొమ్మ ఒకటి ఉత్తరంలో పెట్టి పంపమను. ~~శ్రీనివాస్ సారుకు~~ కొట్టేశాను, తప్పు రాశాను. బావగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ తమ్ముడు
మహేందర్